బావ అప్పు, నా స్కోరు

హన్మకొండలో ఆ బ్యాంకు మేనేజరు నా కంటే చిన్నది. నా ఆధార్ నంబరు కంప్యూటర్లో కొట్టి, తెరను కాసేపు చూసి, మళ్ళీ నా ముఖం చూసింది. అంతకు ముందు దాకా "కూర్చోండి మేడం, టీ తాగుతారా" అన్న మనిషి ఒక్కసారిగా మాట తగ్గించింది.

"మీ క్రెడిట్ స్కోరు చాలా తక్కువగా ఉంది మేడం. లోన్ రాదు. ఒక లోన్ సెటిల్డ్ అని చూపిస్తోంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో పొరపాటు పడిందనుకుని, "అవును మేడం, అది ఎప్పుడో సెటిల్ అయిపోయింది" అన్నాను.

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. "సెటిల్డ్ అంటే మంచిది కాదు మేడం. మొత్తం కట్టలేదని అర్థం. కంపెనీ వాళ్ళు ఎంతోకొంత తీసుకుని మిగతాది వదులుకున్నారని. మొత్తం కట్టి ఉంటే క్లోజ్డ్ అని పడేది."

"అది నా లోన్ కాదు. మా బావది."

"షూరిటీ మీరే కదా పెట్టారు. అందుకే మీ రికార్డులో కూడా వచ్చింది."

బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాను. మొదట కోపం బావ మీదకు పోలేదు, ఆ మాట మీదకు పోయింది. మా ఇళ్ళలో సెటిల్ అంటే ఎంత మంచి మాట. పిల్లవాడికి ఉద్యోగం వస్తే సెటిల్ అయ్యాడంటాం. ఇల్లు కట్టుకుంటే సెటిల్ అయ్యారంటాం. అదే మాటను ఎవడో తీసుకుపోయి, నా పేరు పక్కన, ఎగవేతదారు అనడానికి బదులుగా రాశాడు. ఇన్నేళ్ళూ నేను ఆ మాట విని సంతోషపడుతున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. వరంగల్లో ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేస్తాను. అత్తగారిల్లు కొత్తవాడ. మా ఆయన మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. నేసినన్ని గజాలకే కూలి. ఇంట్లో నెలనెలా జీతం కాగితం అందుకునేది నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఆ కాగితానికి ఉన్న విలువ అది తెచ్చే మనిషికి లేకపోయింది.

మా బావ, అంటే మా ఆయన అన్న, మగ్గం మీద కూర్చునే రకం కాదు. మాటకారి. కేసముద్రం మార్కెట్లో పత్తి, మిర్చి కమీషన్ మీద ఇప్పిస్తూ తిరిగేవాడు. సరుకు తోలడానికి సొంతంగా డీసీఎం వ్యాను కొంటే కిరాయి మిగులుతుందని ఒకసారి మనసులో పడింది. బండికి అప్పిచ్చే కంపెనీ జీతం ఉన్న మనిషి షూరిటీ కావాలన్నది. ఆ సాయంత్రం జిలేబీ పొట్లంతో వచ్చాడు.

"ఉత్త సంతకమే మరదలా. పైస నీ చేతుల నుంచి పోదు."

"మీరు కట్టకుంటే ఏమైతది బావా?"

"నేను కట్టక యాడికి పోత? గీ వాడల పుట్టినోన్ని."

మా అత్త లోపలి నుంచే అందుకుంది. "ఇంటి కోడలివి. నువ్వు గాకుంటే బయటోళ్ళు పెడ్తరానే సంతకం?" మా ఆయన మగ్గం మీద తెగిన పోగు అతుకుతూ తల ఎత్తలేదు. అంతమంది మధ్య నేను పెట్టనని ఎట్లా అంటాను? పెట్టాను.

మొదట్లో బాగానే కట్టాడు. తర్వాత ఏమైందో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. మిర్చి ధర పడిపోయి నష్టం వచ్చిందని ఒకసారి అన్నాడు, ప్లాటుకు బయానా ఇచ్చానని ఇంకోసారి అన్నాడు. నాకు తెలిసిందల్లా దవాఖాన రిసెప్షన్‌కు ఫోన్లు రావడం. మొదటి ఫోన్ మర్యాదగానే ఉంది. "మేడం, మీ బావకు జర చెప్పుండ్రి, కిస్తీ కట్టుమని." పోను పోను గొంతు మారింది. పిల్లల్ని ఎట్లా పెంచుతున్నావు, నీ జీతం ఆపిస్తాం, మీ వాడలో బోర్డు పెడతాం అనే దాకా వచ్చింది.

ఒకనాడు వాళ్ళ మనిషి నేరుగా దవాఖానకు వచ్చి, రక్తమిచ్చే వాళ్ళ వరుసలో కూర్చున్నాడు. తన వంతు రాగానే లేచి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, అందరికీ వినపడేటట్టు అన్నాడు: "నాకు పరీక్ష వద్దు మేడం. పైసలు ఎప్పుడు కడ్తరో చెప్పుండ్రి, పోత."

వాణ్ణి సెక్యూరిటీ వచ్చి లేపి తీసుకుపోయాడు. ఆ తర్వాత కూర్చున్న ముసలామెకు నరం దొరకక రెండుసార్లు గుచ్చాను. నా సర్వీసులో అట్లా ఎప్పుడూ జరగలేదు. ఆమె నొప్పిని ఓర్చుకుంటూ, "ఏమైంది బిడ్డా, ఎవడు వాడు?" అని నన్నే అడిగింది. సాయంత్రం పెద్ద డాక్టరు పిలిచి, ఇంటి సంగతులు దవాఖానలోకి తేవద్దని చెప్పాడు. తెచ్చింది నేను కాదని చెప్పే సందు కూడా ఇవ్వలేదు.

బావను అడిగితే, "ఫికర్ చేయకు, సెటిల్ చేస్తాన్న" అన్నాడు. కొన్ని నెలలకు చేశాడు కూడా. బండిని వాళ్ళు గుంజుకుపోయి అమ్ముకున్నారు. మిగిలిన బాకీలో కొంత కట్టించుకుని ఒక కాగితం ఇచ్చారు. మా అత్త ఆ రోజు పాయసం వండింది. నేనూ తాగాను.

ఆ ముచ్చట అందరం మరిచిపోయాం. కొన్నేళ్ళకు మా దవాఖానలోని ల్యాబ్ ఓనరు, పెద్దాయన, మోకాళ్ళు సహకరించక ల్యాబ్ అమ్మేస్తానన్నాడు. మిషన్లు, ఫ్రిజ్, కుర్చీలు, దవాఖానతో ఉన్న ఒప్పందం అన్నీ కలిపి. "బయటోళ్ళకు ఇయ్యబుద్ధి గాదమ్మా. నువ్వు తీసుకుంటనంటే జర తక్కువకే ఇస్త" అన్నాడు. రిపోర్టుల మీద సంతకానికి ఒక డాక్టరమ్మ ఒప్పుకుంది. నాకంటూ ఒక పని, నా పేరుతో ఒక బోర్డు. నా వయసులో అలాంటి అవకాశం రెండోసారి రాదని నాకు తెలుసు. అందుకోసమే ఆ బ్యాంకుకు వెళ్ళాను.

పెద్దాయన నా కోసం రెండు నెలలు ఆగాడు. ఇంకో రెండు బ్యాంకులు తిరిగాను. అందరి తెర మీదా అదే మాట. చివరికి ల్యాబ్‌ను వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడు కొన్నాడు. తాళాలు అతని చేతికి ఇచ్చింది నేనే, ఎందుకంటే అవి ఎప్పుడూ నా దగ్గరే ఉండేవి. మర్నాటి నుంచి అదే కుర్చీలో, అదే జీతానికి, అతని కింద పనిచేశాను. మంచివాడే. అతని మంచితనం కూడా నాకు ఓర్చుకోవడం కష్టమయ్యేది.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన, "అన్నతోని మాట్లాడుత" అన్నాడు. మాట్లాడలేదు. రేపు, ఎల్లుండి, పండుగ పోనీ అంటూ జరిపాడు. ఆ జరపడం చూస్తూ నేను అన్నం వడ్డించేదాన్ని. ఆ రోజుల్లో నేను వండిన కూరల్లో ఉప్పెంత వేశానో నాకే తెలియదు, ఎవరూ అనే ధైర్యం చేయలేదు.

అంతలో బావ మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి పాలకుర్తి గుట్టకు అందరం పోయాం. బావ కొత్త కారులో వచ్చాడు. తెల్లది, ముందు అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు. దర్శనమై కిందికి వచ్చి, షామియానా కింద భోజనాలకు కూర్చున్నాక, చుట్టాలకు కారు ముచ్చట చెప్పడం మొదలుపెట్టాడు. బ్యాంకు వాళ్ళే ఫోన్ చేసి లోన్ ఇస్తామన్నారట. ఇంటికొచ్చి కాగితాలు తీసుకుపోయారట.

నా చేతిలో ముద్ద అట్లాగే ఉంది. విస్తరి పక్కకు జరిపి అడిగాను.

"బావా, కారు ఎవరి పేరు మీదున్నది?"

"మీ అక్క పేరు మీద. ఎందుకు?"

అక్క అంటే నా యారాలు, బావ భార్య. పక్కనే మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ పేరు మీద ఎందుకు తీసుకోలేదు?"

అతను నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నేనే చెప్పాను. "మీ పేరు మీద ఎవడూ ఇయ్యడు గనుక. నా పేరు మీద గూడ ఇస్తలేరు. మీది మీరు ఖరాబు చేసుకున్నరు. నాది ఎవరు చేసిన్రు?"

"దేవుని కాడికొచ్చి గీ ముచ్చట్లేందే" అంది మా అత్త.

"అయిపోయిన ముచ్చట ఎందుకు తీస్తవు?" అన్నాడు బావ. "సెటిల్ చేసిన గద. నీ ఇంటికి ఎవడన్న వచ్చి కూసున్నడా?"

"దవాఖానల కూసున్నడు. నా ముందట కుర్చీల."

"ఒక్క నంబర్ కోసానికి గింత లొల్లా? నంబర్ ఏమన్న అన్నం పెడ్తదా?"

"నాకు పెట్టేది బావా. ఆ నంబరు మంచిగుంటే ల్యాబ్ నాదయ్యేది. నువ్వు తిన్నవు దాన్ని."

అతన్ని నేను నువ్వు అనడం అదే మొదటిసారి. షామియానా కింద అందరూ విన్నారు. బావ చేయి కడుక్కుని లేచిపోయాడు. చుట్టాల్లో ఒకావిడ నాకు వినపడేటట్టే, "జీతం తెచ్చే ఆడదాని నోరు గట్లనే ఉంటది" అంది. అప్పు ఎగ్గొట్టినవాడు భోజనం మధ్యలో లేచిపోయినందుకు అందరికీ పాపం అనిపించాడు. నేను అందరి ముందూ అడిగినందుకు తప్పుదాన్నయ్యాను.

తిరిగి వచ్చేటప్పుడు మోటారు బండి మీద మా ఆయన వెనక కూర్చున్నాను. కొంత దూరం పోయాక అతను, "అందరి ముంగట గట్లనకుంటే మంచిగుండు" అన్నాడు.

"బండి ఆపు" అన్నాను.

ఆపాడు. దిగి, రోడ్డు పక్కన నిలబడి, వచ్చిన ఆర్టీసీ బస్సెక్కాను. అతను బస్సు వెనకే బండి నడుపుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. చేయి ఊపలేదు నేను.

ఆ వారమే అప్పిచ్చిన కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. వాళ్ళు వదులుకున్న బాకీ మొత్తం కడితే సెటిల్డ్ తీసేసి క్లోజ్డ్ అని మారుస్తామన్నారు. నేను ఎంతో కాలంగా కట్టుకుంటున్న చిట్టీ ఉంది. దాన్ని పాట పాడి, తక్కువకు ఎత్తుకుని, బావ ఎగ్గొట్టిన డబ్బు నేను కట్టాను. కౌంటర్లో నోట్లు లెక్కపెడుతున్న పిల్లవాడు, "ఇంత లేటుగా ఎవరూ వచ్చి కట్టరు మేడం, మీరు గ్రేట్" అన్నాడు. వాడిని కొట్టాలనిపించింది. వాడిదేం తప్పు లేదు.

బాకీ లేదని కాగితం ఇచ్చారు. కానీ రికార్డు మారలేదు. నెల ఆగాను. స్కోరు లెక్కగట్టే సంస్థకు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. కంపెనీ వివరాలు సరైనవేనని చెప్పింది కాబట్టి మార్చలేమని జవాబొచ్చింది. అంటే నా డబ్బు తీసుకున్న కంపెనీయే నేను కట్టలేదని మళ్ళీ చెప్పిందన్నమాట. ఆఫీసుకు పోతే సిస్టమ్ అన్నారు, పై ఆఫీసు అన్నారు, సార్ లీవులో ఉన్నాడన్నారు. నా మీద అప్పు రాయడానికి వాళ్ళకు ఏ సిస్టమూ అడ్డం రాలేదు. తీసేయడానికే అన్నీ అడ్డం.

చివరికి ఒకరోజు సెలవు పెట్టి, టిఫిన్ బాక్సు కట్టుకుని పోయి, మేనేజరు గది ఎదురుగా కూర్చున్నాను. దవాఖానలో వాళ్ళ మనిషి కూర్చున్నట్టే. అప్పు కోసం వచ్చిన ప్రతి ఒక్కరితో, "మొత్తం కట్టినంక గూడ వీళ్ళు పేరు తీస్తలేరు, జర చూసుకోండ్రి" అని చెప్పాను. మధ్యాహ్నానికి మేనేజరు నన్ను లోపలికి పిలిచి, నా ఎదుటే మెయిల్ పెట్టాడు. కొన్ని వారాలకు రికార్డులో క్లోజ్డ్ అని పడింది.

అప్పటికీ స్కోరు పెద్దగా పెరగలేదు. బ్యాంకు పిల్ల చెప్పింది, కిస్తీలు ఆలస్యమైన గుర్తులు ఇంకా కొన్నేళ్ళు ఉంటాయని. వాటిని మరిపించాలంటే కొత్తగా అప్పు చేసి, సమయానికి కట్టి చూపించాలట. మా అమ్మ కూలికి పోయి కూడా చేబదులు అడిగేది కాదు. ఆమె కడుపున పుట్టి, నేను మంచిదాన్నని చూపించుకోవడానికి అప్పు చేయాలి. ఈ లెక్క కనిపెట్టిన వాడెవడో నాకు తెలియదు గాని, వాడు ఏనాడూ ఇంకొకరి అప్పుకు సంతకం పెట్టమని ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడగా కూర్చున్నవాడు మాత్రం కాదు.

చేశాను. కొంత డబ్బు డిపాజిట్ వేస్తే దాని మీద క్రెడిట్ కార్డు ఇచ్చారు. నా డబ్బే వాళ్ళ దగ్గర పెట్టి, వాళ్ళ దగ్గర అప్పు తీసుకోవడం. ఆ కార్డుతో నెలకు బియ్యం, నూనె కొని, బిల్లు రాగానే గడువు దాకా ఆగకుండా కట్టేదాన్ని. గొలుసు మీద చిన్న అప్పు తీసుకుని కిస్తీలుగా తీర్చాను. డబ్బు అవసరమై కాదు. స్కోరు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే సంతోషం వచ్చేది కాదు. చేయని దొంగతనానికి జైల్లో మంచి ప్రవర్తన చూపిస్తున్నట్టు ఉండేది.

ఆ మధ్యలో ఒక శనివారం మా ఆయన కూలి డబ్బు తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్న కట్టడు. నీ చిట్టీ పైసలు నేను కడ్త, వారం వారం" అన్నాడు. అప్పటి నుంచి పొద్దున ముందే మగ్గం ఎక్కేవాడు. మంచిది అనలేదు నేను, వద్దు అని కూడా అనలేదు. తీసుకుని బ్యాంకులో వేశాను. అన్నను అడగలేని మనిషి తన రెక్కలు ముక్కలు చేసుకోవడమే సులువనుకున్నాడు. అది చూసి నాకు జాలి కలిగింది, దాని మీద మళ్ళీ కోపం వచ్చింది.

అట్లా రెండో ఏడు నడుస్తుండగా ఒకరోజు నా యారాలు దవాఖానకు వచ్చింది. షుగర్ పరీక్ష అని చీటీ రాయించుకుంది. నా ఎదుట కూర్చుని చేయి చాపింది. సూది తీసి దూది పెట్టి, గట్టిగా ఒత్తిపట్టుకొమ్మన్నాను. ఆమె దూది ఒత్తుకుంటూ, తల దించుకుని అంది.

"చెల్లే, నాకు ఫోన్లు వస్తానయి."

కారు కిస్తీలు మూడు తప్పాయట. బావను అడిగితే ఫికర్ చేయకు అంటున్నాడట.

నిజం చెప్తాను. ఆ క్షణం నాకు లోపల హాయిగా అనిపించింది. పాలకుర్తిలో నేను అడుగుతుంటే మనవడి బోడిగుండు నిమురుతూ కూర్చున్న మనిషి ఈమే. కానీ ఫోన్ రింగైనట్టు భ్రమపడి ఆమె ఒళ్ళోని సంచి వైపు రెండుసార్లు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా కోపం అక్కడి నుంచి పక్కకు తిరిగింది, ఎటు తిరగాలో అటు.

"కారు నీ పేరు మీదనే ఉన్నది గదా అక్కా. అమ్ము. వాళ్ళు గుంజుకపోకముందే."

"ఆయన ఒప్పుకోడు."

"కాగితం మీద ఆయన పేరే లేదు. ఒప్పుకునేదేముంది?"

ఆమె దూది తీసి చెత్తబుట్టలో వేసింది. "నువ్వు వస్తవా నా వెంట?" అంది.

వెళ్ళాను. కారు కొనేవాణ్ణి ఆమె తమ్ముడు వెతికాడు. కారు లోన్ ఇచ్చిన బ్యాంకులో ఉద్యోగి అలవాటుగా, "కొంత కట్టండి మేడం, మిగతాది సెటిల్ చేద్దాం" అన్నాడు. యారాలు నా వైపు చూసింది. "సెటిల్ వద్దు. మొత్తం కడ్తం. క్లోజ్ చేసి కాగితం ఇయ్యుండ్రి" అన్నాను. కారు అమ్మిన డబ్బుకు తన పుస్తెల తాడు తప్ప మిగతా బంగారమంతా కలిపి ఆమె ఆ అప్పు తీర్చేసింది.

మర్నాడు బావ మా ఇంటి మీదకు వచ్చాడు. నా సంసారంలో నిప్పు పెట్టావన్నాడు. నేను జవాబు చెప్పబోయేలోపే మా ఆయన మగ్గం దిగి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"అన్నా, నా పెండ్లాన్ని ఏమన్న అనేది ఉంటే ముందుగాల ఆమె పైసలు ఆమెకిచ్చి అను."

ఆ ఒక్క మాట కోసం నేను అన్నేళ్ళు ఎదురుచూశాను. అది పాలకుర్తిలో వచ్చి ఉంటే ఎంత బాగుండేది. బావ తమ్ముణ్ణి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అన్నదమ్ముల్ని విడదీశానని మా అత్త ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. యారాలు మాత్రం షుగర్ పరీక్షకు నా దగ్గరికే వస్తుంది.

పోయిన ఏడాది నాకు లోన్ వచ్చింది. షూరిటీ ఎవరినైనా తెస్తే ఎక్కువ ఇస్తామన్నారు. తేనన్నాను. తక్కువే ఇచ్చారు. దాంతో ల్యాబ్ రాదు. వాడలోనే ఒక గది కిరాయికి తీసుకుని, రక్తం నమూనాలు తీసి పెద్ద ల్యాబుకు పంపే కలెక్షన్ సెంటర్ పెట్టాను. పొద్దున మగ్గాలెక్కకముందే వాడలోని ముసలివాళ్ళు వస్తారు. తర్వాత దవాఖాన డ్యూటీకి పోతాను. దవాఖాన ల్యాబ్ కొన్న కుర్రాడు ఇప్పుడు ఇంకో చోట కూడా తెరిచాడు. ఆ బోర్డు చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపు మండుతుంది. గడిచిన కాలం ఎవరు క్లోజ్ చేస్తారు?

లోన్ కాగితాల మీద సంతకం పెట్టిన రోజు, పాత మేనేజరు బదిలీ అయి ఆ కుర్చీలో కొత్తాయన ఉన్నాడు. తెర మీద నా స్కోరు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

"రెండు మూడేళ్ళలో చాలా మారిపోయారు మేడం. మంచి క్రమశిక్షణ వచ్చింది మీకు."

"నేనేం మారలేదు సార్. నేను మొదటి నుంచి ఇట్లనే ఉన్న" అన్నాను.

అతను దాన్ని వినయం అనుకున్నట్టున్నాడు, నవ్వాడు. చూపించిన చోటల్లా సంతకం చేసే ముందు ప్రతి కాగితమూ చదివాను. అతను గడియారం చూసుకున్నాడు. నేను చదవడం ఆపలేదు.